మట్టి మీద మనకెందుకింత కక్ష?

ఇల్లు కట్టడం పూర్తయ్యాక మేస్త్రీ చివరగా ఒక మాట అడుగుతాడు. అప్పటికి ప్రహరీకీ ఇంటి గోడకీ మధ్య నాలుగడుగుల మట్టి మిగిలి ఉంటుంది. "సార్, ఇది కూడా గచ్చు చేసేద్దామా? బురద ఉండదు, పాములు రావు, చూడ్డానికి నీటుగా ఉంటుంది." వద్దు అన్న యజమానిని నేనింతవరకూ చూడలేదు. నాలుగు బస్తాల సిమెంటు, కాస్త కంకర, కాస్త ఇసుక. సాయంత్రానికి పని అయిపోతుంది. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఆ గచ్చు మీద నడిచి, ఎంత శుభ్రంగా కట్టుకున్నారో అని మెచ్చుకుని భోజనాలకు కూర్చుంటారు. హైదరాబాదును ముంచుతున్న నేరాల్లో నా లెక్క ప్రకారం మొదటిది ఇదే. దీని మీద కేసు పెట్టే పోలీసు లేడు, ఎందుకంటే ఆయన ఇంట్లోనూ అదే గచ్చు.

లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. రెండు వందల గజాల స్థలం అంటే 167 చదరపు మీటర్లు. 2020 అక్టోబర్ 13న బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. అంటే రెండు వందల గజాల మీద ఆ ఒక్కరోజు 31 వేల లీటర్ల పైచిలుకు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు! ఆ ఇంటాయన వాటిలో ఒక్క ట్యాంకరు కూడా తన దగ్గర ఉంచుకోలేదు. పైకప్పు మీద పడ్డది గొట్టంలోంచి గచ్చు మీదికి, గచ్చు మీదిది గేటు కిందుగా వీధిలోకి, వీధిలోది ఎవరి ఇంట్లోకి పోయిందో ఆయనకు అనవసరం. హైదరాబాదులో ఏడాది సగటు వాన 80 సెంటీమీటర్లు అనుకుంటే అదే స్థలం మీద లక్షా ముప్పై మూడు వేల లీటర్లు పడతాయి. ఇరవై ఆరు ట్యాంకర్లు. వాటన్నిటినీ వీధిలోకి తోసేసిన పెద్దమనిషి మార్చి నెలలో బోరు ఎండిందని, ట్యాంకరు వాడు ఫోను ఎత్తడం లేదని, ఈ ప్రభుత్వాలు దేనికి పనికొస్తాయని టీ తాగుతూ అడుగుతుంటాడు.

ఆగస్టులో మునగడం, ఏప్రిల్‌లో ఎండడం. వీటిని మనం రెండు వేర్వేరు కష్టాలుగా చూస్తున్నాం. వరదకు ఒక శాఖ, దాహానికి ఇంకో శాఖ, ఒకరి ఫైలు ఒకరికి తెలియదు. రెండింటికీ కారణం ఒక్కటే. నీళ్లు దిగాల్సిన చోటును మూసేశాం. చెట్లూ గడ్డీ ఉన్న మెత్తటి నేల మీద మామూలు వాన పడితే పైపైన పారిపోయేది కొంతే, మిగతాదంతా లోపలికి దిగుతుంది. కాంక్రీటు మీద పడితే పదింట తొమ్మిది వంతులు అప్పటికప్పుడే పరుగు తీస్తాయి. ఎంత నీరు పారిందన్నదొక్కటే కాదు, ఎంత సేపట్లో పారిందన్నది ఇంకా ముఖ్యం. గంటలో మెల్లగా చేరాల్సిన నీళ్లు పది నిమిషాల్లో నాలా దగ్గరికి చేరితే ఆ నాలా ఏం చేస్తుంది? ఎగదన్నుతుంది.

పైగా వానే మారిపోతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల తేమ ఏడు శాతం పెరుగుతుంది. ఇది ఫిజిక్సు, ఏ పార్టీ అధికారంలో ఉన్నా మారదు. పది రోజులు ముసురుపట్టి పడాల్సిన వాన రెండు గంటల్లో కుమ్మరించి పోతోంది. మన డ్రైన్లేమో ఆ పాత వానకు కొలత తీసి కట్టినవి. మన నగరాల వాననీటి కాలువలకు గతంలో గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానను లెక్కగా పెట్టుకున్నారని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే చెప్పింది. రెండు సెంటీమీటర్లు! ఇవాళ అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో గంటలో ఐదారు సెంటీమీటర్లు పడితే అది పేపర్లో మూడో పేజీ వార్త. ఇలాంటి కాలంలో నీళ్లను పీల్చగల ప్రతి గజమూ మనకు ఆస్తి. ఆ ఆస్తిని మనం మన డబ్బుతోనే సిమెంటు కింద పాతిపెడుతున్నాం.

ఇక్కడ 1908ని ప్రతివాడూ తలుచుకుంటాడు. సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది, నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు, ఆయన సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నిజమే. ఆయన పరిష్కారం గొప్పదే. కానీ ఆ వరద పైనుంచి నదిలో వచ్చింది, నగరం బయట ఆపగలిగారు. ఇవాళ్టి వరద చాలాసార్లు నగరంలోనే పుడుతోంది. మన డాబాల మీద, మన పార్కింగుల మీద, మన సీసీ రోడ్ల మీద. దాన్ని ఆపడానికి ఎగువన ఏ జలాశయం కడతారు?

2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడి నగరం మునిగితే కిర్లోస్కర్ కన్సల్టెంట్లతో అధ్యయనం చేయించారు. నాలాలు వెడల్పు చేయాలని, వేల ఆక్రమణలు తీసేయాలని వాళ్లు 2003లో చెప్పారు. ఆ నివేదిక బీరువాలో ఉండగానే 2020 అక్టోబర్ వచ్చింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. కొద్దిరోజులకే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ ఇళ్లు మునిగాయి. కుటుంబానికి పది వేల రూపాయలు పంచారు. మరుసటి ఏడాది వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం అని పేరు పెట్టి, మొదటి విడతకే దాదాపు 985 కోట్లు కేటాయించారు. నాలాలకు బాక్సు డ్రైన్లు, గోడలు. వద్దనను. కావలసినవే. కానీ నాలాను రెట్టింపు వెడల్పు చేసి, దానిలోకి నీళ్లు పంపే నేలనంతా గచ్చు చేసుకుంటూ పోతే ఆ రెట్టింపు ఎన్నేళ్లకు సరిపోతుంది? ఈమధ్య రాజ్‌భవన్ రోడ్డు, సచివాలయం దగ్గర రోడ్డు తవ్వి లక్షల లీటర్లు పట్టే సంపులు కట్టారు, రోడ్డు మీది వాననీళ్లు అందులో పడితే మోటారు పెట్టి తోడేయడానికి. భూమి ఉచితంగా, కరెంటు లేకుండా, టెండరు లేకుండా చేసిపెట్టే పనిని భూమి నోరు కుట్టేసి కాంట్రాక్టరుతో చేయించుకుంటున్నాం. దీన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు.

అప్పుడొక ఇంజనీరు గారు లేచి, "మీకు తెలియదండీ, హైదరాబాదు రాతి నేల. ఇక్కడ నీళ్లు ఇంకవు" అంటారు. ఈ మాటను ఎన్నిసార్లు విన్నానో. ఇది సగం నిజం, అందుకే అబద్ధం కన్నా ప్రమాదం. అవును, అడుగున గ్రానైటు. కానీ దాని మీద ఏముంది? యుగాల తరబడి ఎండకూ వానకూ నలిగి గుల్లబారిన రాయి ఉంది. మొరం ఉంది. దాని మీద మట్టి ఉంది. నీళ్లను పట్టుకునేది ఆ పొర. అక్కడినుంచి రాతి పగుళ్లలోకి మెల్లగా దిగుతుంది. మన తాతల చేదబావులన్నీ ఆ పొరలో నీళ్ల మీదే బతికాయి. ఆ పొరను పైనుంచి మూసేసి, కింద వెయ్యి అడుగులు దాటి రాతిలోకి బోర్లు దించి, లక్షలు పోసి, దుమ్ము తప్ప ఏమీ రాలేదని రిగ్గు వాడితో తగవు పడుతున్నాం. రాతి నేల కాబట్టి పై పొర మరీ విలువైనదని కదా అర్థం చేసుకోవాలి? ఇసుక నేలలున్న ఊరు వంద గజాలు మూసేసినా తట్టుకుంటుందేమో. మనం పది గజాలు మూసినా నష్టమే.

చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, నీరు, భూమి, చెట్టు మూడింటినీ కాపాడతామని. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అదే జీవో 168, ఇంకుడు గుంత లేనిదే కుదరదంటాయి. అంతకుముందు 2000లో నీరు-మీరు, తరవాత ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు. పేర్లకు ఎప్పుడూ లోటు లేదు. ఇప్పుడు ఆ ఇంకుడు గుంత ఎలా పుడుతుందో చెబుతాను. అపార్టుమెంటు పూర్తయ్యే ముందు బిల్డరు ఒక మూలన గొయ్యి తీయిస్తాడు. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ఇసుక, ఆ పైన కొంత ఖాళీ ఉండాలి. పైకప్పు నీళ్లు వచ్చి పడాలి, మధ్యలో చెత్త ఆపే చిన్న గది ఉండాలి. ఇవేమీ ఉండవు. పని తరవాత మిగిలిన ఇటుక ముక్కలు అందులో పోస్తారు. ఫొటో తీస్తారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తుంది, మున్సిపాలిటీ దగ్గర హామీగా ఉంచిన పది శాతం నిర్మాణం విడుదలవుతుంది. ఆరు నెలల్లో ఆ గొయ్యి మీద బండ పరిచి ఎవరో బైకు పెట్టుకుంటారు. అసోసియేషన్ వాట్సాప్‌లో "మన ఇంకుడు గుంత ఎక్కడుందండీ?" అని అడిగి చూడండి. జవాబు చెప్పగలిగినవాడు వాచ్‌మన్ ఒక్కడే.

గుంత సరిగ్గా ఉన్నా అది ప్రాయశ్చిత్తమే. ముందు వెయ్యి గజాలను సిమెంటుతో కప్పి, తరవాత ఒక మూలన నాలుగడుగుల గొయ్యి తీసి, వెయ్యి గజాల నీళ్లన్నీ ఇందులోనుంచే దిగాలి అని శాసిస్తే దిగుతాయా? చెన్నైని చూడండి. 2003లో జయలలిత ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి నిల్వ ఏర్పాటు తప్పనిసరి చేసింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. మొదట్లో భూగర్భ జలం పెరిగింది కూడా. కానీ ఇంకోవైపు పల్లికరణై చిత్తడి నేలల్లో భవనాలు లేచాయి, చెరువులు ప్లాట్లయ్యాయి. 2015లో నగరం మునిగింది. 2019 వేసవిలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకుంది. నాలుగేళ్లలో రెండూ! గుంతలు తవ్వి నేలను అమ్ముకున్న నగరం కథ అది.

మన ప్రభుత్వం నేలను ఎలా చూస్తుందో తెలియాలంటే మూడు కాగితాలు చాలు. ఒకటి, లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్ఆర్ఎస్. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం స్థలం పార్కుకు వదలాలి. వదలకుండా అమ్ముకున్నవాళ్ల ప్లాట్లను 14 శాతం ఖాళీ స్థలం రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. డబ్బు ఖజానాలోకి వెళ్లింది. పార్కు రాలేదు. వాన ఆ చలానా మీద ఇంకుతుందా? రెండోది, 1996 నాటి జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసిన ఉత్తర్వు అది. తొంభై శాతం భూమిని పరిరక్షణకు, పచ్చదనానికే ఉంచాలంది. నీళ్లు ఇంకే నేలను నేల కోసమే కాపాడిన ఉత్తర్వు మన దగ్గర ఇంకొకటి ఉందేమో నాకు తెలిసి లేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేశారు. మరుసటి ఏడాది మంత్రివర్గం మొత్తం ఉత్తర్వునే రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఊళ్ల రైతులకు అన్యాయం జరుగుతోందన్నారు. రైతుకు నష్టపరిహారం ఇవ్వవలసిందే, నేనూ అంటాను. కానీ ప్రకటన వెలువడే నాటికి ఆ భూములు ఎన్ని రైతు చేతుల్లో మిగిలాయి, ఎన్ని ఫాంహౌసులయ్యాయి అన్నది శంకరపల్లి రోడ్డు మీద కారులో పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది.

మూడోది కంచ గచ్చిబౌలి. నాలుగు వందల ఎకరాల తుప్పలు, బండలు, కుంటలు. అధికారంలో పార్టీ మారినా చూపు మారలేదు. 2025 మార్చి నెలాఖరున సెలవు రోజుల్లో, రాత్రుళ్లు కూడా బుల్డోజర్లు నడిపారు. పక్కనున్న కేంద్రీయ విశ్వవిద్యాలయం పిల్లలు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అది అడవా, ప్రభుత్వ భూమా అన్న వాదన న్యాయస్థానంలో తేలుతుంది. నేనడిగేది వేరే. పడమటి హైదరాబాదులో మొరం మీద వాన ఇంకే అంత పెద్ద ముక్క ఇంకెక్కడుంది? దాని ధర కట్టేటప్పుడు ఎకరా ఇన్ని కోట్లు అన్నారే గానీ, ఆ ఎకరా ఏడాదికి ఎన్ని లక్షల లీటర్లు తాగుతుందో ఆ లెక్కలో ఎవరైనా వేశారా? ఎకరా అంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైన. ఏడాదికి దాని మీద పడే వాన ముప్పై రెండు లక్షల లీటర్లు. వేలం ప్రతిపాదనలో ఆ నీళ్లకు ఒక్క రూపాయి ధర కూడా కట్టలేదు.

ఇప్పుడు మనలాంటి మర్యాదస్తుల దగ్గరికి వస్తాను. ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువు ఒడ్డున ఇళ్లు కూలుస్తుంటే టీవీ ముందు చప్పట్లు కొట్టాం. చెరువు శిఖంలో కట్టినవి కూల్చాల్సిందే, పెద్దవాళ్లవైనా చిన్నవాళ్లవైనా. అంబర్‌పేటలో బతుకమ్మకుంటను మళ్లీ నీళ్లతో చూడటం సంతోషమే. కానీ నాలా ఒడ్డున రేకుల ఇల్లు వేసుకున్నవాడు నీళ్ల దారికి అడ్డం వచ్చాడని తిట్టే మనం, ఆ నాలాలోకి వచ్చే నీళ్లు ఎవరివో ఆలోచించామా? హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా వచ్చి కలుస్తాయి. గుట్టల మీది బంగళాల్లో, ఆస్పత్రుల్లో, మాల్స్‌లో పడ్డ వాన వాటిలో దిగుతుంది. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీళ్లు అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీకి పోతాయి. పైన ఉన్నవాడు మార్బుల్ వేసుకున్న పార్కింగులోంచి తోసేసిన నీళ్లు కింద బస్తీలో బియ్యం డబ్బాలోకి దూరుతాయి. సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన పిల్ల నాలాలో కొట్టుకుపోతే మనం పైకప్పు లేని నాలాను తిడతాం, కార్పొరేటర్‌ను తిడతాం. ఆ నాలాలో ఆ ఉరవడికి మన ఇంటి వంతు నీళ్లు ఎన్ని అని ఎవరూ అడగరు. 2025 సెప్టెంబర్‌లో జంట జలాశయాల గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి నడుంలోతు నీళ్లు వచ్చాయి. ప్రయాణికులు బిక్కుబిక్కుమంటూ రాత్రి గడిపారు. గేట్లు ఎత్తినవాళ్లను తిట్టాం.

వీధుల సంగతి ఇంకా ఘోరం. సీసీ రోడ్డు అన్నది మన రాజకీయాల్లో ఒక మొక్కుబడి అయిపోయింది. ఓటు అడిగే ప్రతివాడూ సీసీ రోడ్డు ఇస్తానంటాడు, గెలిచినవాడు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో ఆరంగుళాలు పోస్తాడు. రెండు ఎన్నికలు దాటేసరికి రోడ్డు ఇంటి గడప ఎత్తుకు వస్తుంది, మూడో ఎన్నికకు ఇల్లు గుంటలో ఉంటుంది. ఇల్లుగలాయన గడప ముందు అడ్డుగోడ కట్టుకుంటాడు. గోడ నుంచి గోడ దాకా కాంక్రీటే, అంచున మూడడుగుల మట్టి కూడా వదలరు. చెట్టు అడ్డొస్తే దాని మొదలు చుట్టూ కూడా సిమెంటు పూసేస్తారు. నీళ్లు దిగని చెట్టు వేళ్లు కుళ్లి, గాలివానకు కారు మీద పడితే అప్పుడు చెట్టుదే తప్పు. చెట్టు చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మన ఊళ్లో ఆ మాట ఎవరి చెవినా పడినట్టు లేదు. కాలనీ పార్కు చూడండి. ఉన్నదే అరెకరం. అందులో నడక దారికి టైల్సు, వ్యాయామ యంత్రాల కింద కాంక్రీటు, గుడి, గుడి ముందు గచ్చు, దాత పేరు చెక్కిన గ్రానైటు బల్లలు. మట్టి మిగిలింది పూలకుండీల్లో.

"అదేమిటండీ, పేవర్ బ్లాకులు వేస్తున్నాం కదా, వాటి సందుల్లోంచి నీళ్లు దిగుతాయి" అనే వాళ్లున్నారు. దిగుతాయి, కింద ఇసుక ఉంటే. మన వాళ్లు చాలాచోట్ల ముందు పీసీసీ బెడ్డు పోసి, దాని మీద పేవర్లు పరుస్తారు. పైకి సందులు, కింద సిమెంటు పలక. ఇక నీళ్లు పోయే రంధ్రాలున్న ప్రత్యేక కాంక్రీటు అని ఒకటి అమ్ముతున్నారు. ఇసుక లేకుండా కంకరతో కలిపేది, అందులో ఖాళీలు పదిహేను నుంచి ఇరవై ఐదు శాతం దాకా ఉంటాయి. మంచి సరుకే. కానీ మన దుమ్ముకు ఆ రంధ్రాలు పూడిపోతాయి, వాటిని యంత్రంతో పీల్చి శుభ్రం చేయాలి. డ్రైను మూత పోతే ఏడాది దాకా వేయని కార్పొరేషన్ రోడ్డు రంధ్రాలు శుభ్రం చేస్తుందని నమ్మమంటారా? నేనే కొత్త సరుకూ కొనమనడం లేదు. ఉన్న మట్టిని వదిలేయమంటున్నాను. అంత తేలికైన పని మనకు చేతకావడం లేదు.

బురద సంగతేమిటి, ముసలివాళ్లు జారిపడితే, చక్రాల కుర్చీ ఎలా నడుస్తుంది అని అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనది. నడిచే చోట గట్టిగానే ఉండాలి. అందుకు ఇంటి చుట్టూ సముద్రంలా సిమెంటు పోయక్కర్లేదు. కారు చక్రాలకు రెండు పట్టీలు, మనిషి నడకకు తాండూరు బండలో బేతంచెర్ల బండలో చదునుగా వేసిన ఒక దారి, మిగతా చోట బండల మధ్య రెండు వేళ్ల సందు, కింద ఇసుక, సందుల్లో గడ్డి. తాపీ పని తెలిసిన ఎవరైనా చేస్తారు, ఖర్చూ తక్కువే. దోమల భయం ఒకటి చెబుతారు. దోమ పుట్టేది నిలిచిన నీళ్లలో, ఇంకిన నీళ్లలో కాదు. పాముల భయం గురించి వాదించను. అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉన్నవాడు కూడా పాముల పేరు చెప్పి కింద మట్టిని గచ్చు చేయిస్తుంటే ఏం వాదిస్తాం?

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మట్టి వదిలితే వరదలే రావని చెప్పేవాణ్ని నమ్మకండి. ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడితే ఏ నేలా మింగలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. దాన్ని వాకిళ్లలో మట్టి ఆపేది కాదు, అది ఏటి గట్టు సంగతి. చైనా 2013 నుంచి "స్పాంజ్ నగరాలు" అంటూ నేలను నీళ్లు పీల్చేలా మార్చే పని మొదలుపెట్టి, 2015లో పదహారు నగరాలను ఎంచుకుంది. ఆ బాటలోనే భారీగా ఖర్చు పెట్టిన జెంగ్‌జౌలో 2021 జూలై 20న ఒక్క గంటలో 20 సెంటీమీటర్లు పడింది. మెట్రో సొరంగంలో పద్నాలుగు మంది చనిపోయారు. కాబట్టి పెద్ద వానకు పెద్ద నాలాలూ, చెరువులూ, ముందస్తు హెచ్చరికలూ కావాల్సిందే. కానీ మన ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని? మిగతా వానల్లో చాలావరకు రెండు మూడు సెంటీమీటర్లవే. వాటికే పంజాగుట్ట ఆగిపోతోంది, వాటికే ఖైరతాబాద్‌లో బైకులు తేలుతున్నాయి. ఈ వానలను నేల తాగగలదు. మొత్తం తాగలేకపోయినా కాసేపు పట్టి ఉంచగలదు. నాలాకు ఊపిరి పీల్చుకునే గంట దొరుకుతుంది.

ఎవరూ ఏమీ చేయలేదా అంటే చేస్తున్నారు. బెర్లిన్‌లో 2000 సంవత్సరం నుంచి వాననీటి రుసుము వేరుగా వసూలు చేస్తున్నారు, నల్లా నీళ్ల బిల్లుతో కలపకుండా. మీ స్థలంలో ఎన్ని చదరపు మీటర్లు మూసేసి, ఆ నీళ్లను ఊరి డ్రైనులోకి పంపుతున్నారో అన్నిటికీ కట్టాలి. గచ్చు పగలగొట్టి గడ్డి వేస్తే బిల్లు తగ్గుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా 2011లో పాతికేళ్ల ప్రణాళిక వేసి, భూగర్భ సొరంగాలకు బదులు మట్టినీ చెట్లనీ నమ్ముకుంది. నెదర్లాండ్స్‌లో 2020 నుంచి ఊళ్ల మధ్య పోటీ నడుస్తోంది. పెరట్లో బండలు ఎవరెక్కువ పీకేస్తే వాళ్లు గెలిచినట్టు. మొదటి ఏడాది రాటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ తలపడ్డాయి. మన దగ్గర పోటీలు లేవా? ఉన్నాయి. స్వచ్ఛ ర్యాంకుల కోసం ఫుట్‌పాత్‌లకు టైల్సు వేసే పోటీ.

నాకు కావలసింది బెర్లిన్ పద్ధతే. ఆస్తి పన్ను లెక్కలో కట్టిన విస్తీర్ణం అడుగుతారు, వాడుక అడుగుతారు. ఇంకో గడి చేర్చండి. స్థలంలో మూసేసిన గజాలు ఎన్ని? ఉపగ్రహ చిత్రాలున్నాయి, డ్రోన్లున్నాయి, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లెక్కలు తీసిన సంస్థలున్నాయి. మూసేసిన ప్రతి గజానికీ పన్ను. మట్టి వదిలినవాడికి తగ్గింపు. డెబ్బై ఐదు గజాల్లో బతికే బీదవాడికి మినహాయింపు. అతను మూసింది తక్కువ, మునిగింది ఎక్కువ. పెద్ద స్థలాల మీద వేయండి. మాల్స్, కాలేజీలు, ఫంక్షన్ హాళ్ల పార్కింగ్ స్థలాలు, గేటెడ్ కమ్యూనిటీలు, ప్రభుత్వ కార్యాలయాలు. ముఖ్యంగా ప్రభుత్వ కార్యాలయాలు. కలెక్టరేట్ ఆవరణలో ఎకరాల కొద్దీ పేవర్లు పరిచి ప్రజలకు నీటి పొదుపు పాఠాలు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీలో, అదే సెట్‌బ్యాక్‌లో, సగమైనా మట్టి ఉండాలని నిబంధనల్లో రాయండి. ఇంకుడు గుంతలో నీళ్లు పోసి, దిగుతున్నాయని చూశాకే పది శాతం విడుదల చేయండి. పాత రోడ్డు చెక్కకుండా కొత్త రోడ్డు పోసిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపండి. ఇవేవీ వేల కోట్ల పనులు కావు. ఎవరికీ పెద్ద కమీషన్ రాదు. బహుశా అందుకే ఎవరూ చేయడం లేదు.

ఈ జబ్బు నగరంతో ఆగలేదు. ఉపాధి హామీ నిధులతో ఊరూరా సీసీ రోడ్లు పడ్డాయి. బురదలో నడిచిన పల్లెకు గట్టి దారి కావాలి, కాదనే అర్హత నగరవాసికి లేదు. కానీ అక్కడ కూడా గోడ నుంచి గోడకే పోస్తున్నారు. కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిళ్లు ఇప్పుడు సిమెంటు, దాని మీద పెయింటు ముగ్గు. చూరు నీళ్లు వాకిట్లో ఇంకే ఏర్పాటు పోయి, వాన పడితే నీళ్లు వీధి చివర ఎస్సీ కాలనీలో తేలుతున్నాయి. నగరంలో నల్లకుంట, గోల్నాక వంతుకు వచ్చిందే పల్లెల్లో వాళ్ల వంతుకు వచ్చింది.

రేపు మీ డివిజన్‌కు కార్పొరేటర్ అభ్యర్థి వస్తాడు. సీసీ రోడ్డు వేయిస్తానంటాడు, పార్కుకు టైల్సు వేయిస్తానంటాడు. నిలబెట్టి అడగండి. మా వీధిలో నీళ్లు ఎటు పోతాయో తెలుసా? రోడ్డుకు రెండువైపులా ఎన్ని అడుగుల మట్టి వదిలిస్తావు? చెట్ల మొదళ్ల చుట్టూ పోసిన సిమెంటు ఎప్పుడు పగలగొట్టిస్తావు? జవాబు లేనివాడికి ఓటు వేయకండి. అతను గేటు దాటాక మీ ఆవరణలో ఎన్ని గజాలు మూసేశారో టేపు పెట్టి కొలవండి. ఒక సమ్మెట, ఒక గడ్డపార, ఒక రోజు కూలి. వానాకాలం రాకముందే సగమైనా పగలగొట్టించండి.